అంగి వాసన

ఈ ఏడు వానలు మొదలైన వారంలో ఒక యంత్రం ఆమెను "ఇంకా ఉన్నారా?" అని అడిగింది. అప్పటికి ఆమెను బోథ్ దగ్గరి ఊళ్లో మట్టిలో పెట్టి ఏడు వారాలైంది.

ఆ ఉత్తరం నాకూ వచ్చింది. కరీంనగర్‌లో మా వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి, టీ తాగుతూ రోజూ చూసే ఉత్తరాల్లో అదొకటి. "ఈ అభ్యర్థన మీద రెండు నెలలుగా ఏ కదలికా లేదు. ఇంకా అవసరమనుకుంటే ఒక మాట రాయండి. లేకపోతే పద్నాలుగు రోజుల్లో మూసేస్తాం. మీ సహకారానికి ధన్యవాదాలు." కింద ఒక నవ్వు బొమ్మ. ఆ బొమ్మ చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి రాసి ఉంటే ఫోన్ చేసి తిట్టేదాన్ని. యంత్రాన్ని ఏమని తిట్టను? కప్పు విసురుగా బల్ల మీద పెడితే దాని పిడి ఊడి చేతికొచ్చింది.

బతికున్నన్నాళ్లూ ఆమె ఆ యంత్రానికి జవాబు రాసేది. రెండు నెలలకోసారి అది అడిగేది, రెండు నెలలకోసారి ఆమె ఒకే మాట రాసేది: "ఉన్న." తెలుగు అక్షరాల్లోనే. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చూసే ఆ పేజీలో పన్నెండు సార్లు వరుసగా ఆ మాట కనిపిస్తుంది. అదేమిటని ఒకాయన అడిగితే, హాజరు పలుకుతోందని నేను చెప్పాల్సి వచ్చింది.

మట్టి చేసిన రోజు పాస్టరుగారు ఆమెను శాంతమూర్తి అన్నాడు. ఎవరినీ నొప్పించని తల్లి అన్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. ఆ పాస్టరుగారితోనే ఆమె అంతకుముందు క్రిస్మస్ రోజుల్లో నిండు చర్చిలో తగువు పెట్టుకుంది. పత్తిచేనులో మందు కొడుతూ పడిపోయి చనిపోయిన కూలీ కుటుంబం కోసం ప్రార్థన చేస్తూ ఆయన, "మందు తాగి ప్రాణం తీసుకున్న ఈ బిడ్డను క్షమించు ప్రభువా" అన్నాడట. ఈమె కళ్లు తెరిచి, లేచి నిలబడి, "తాగలే పాస్టరుగారూ. కొడుతుంటే ఒంటికి సోకింది. దేవునికైన సక్కగ చెప్పుండ్రి" అన్నది. ప్రార్థన ఆగిపోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి చెప్పేదాకా ఆమె కూర్చోలేదు.

శాంతమూర్తి అట! ఆమెలో నాకు నచ్చిందే ఆ కోపం. దాన్ని కూడా పెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు.

ఆమె పేరు రాయను. ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. దవాఖాన పేరు కూడా రాయను. అక్కడి జనమంతా ఆమెను సిస్టరమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. తన పేరెక్కడా రాయొద్దని ఆమే చెప్పింది. "రాస్తే సచ్చినోళ్ల పేర్లు రాయి. నేనింక సావలే కద" అని నవ్వింది. ఇప్పుడు చచ్చిపోయింది కాబట్టి రాయొచ్చా అని అడుగుదామంటే మనిషి లేదు.

నేను చేసే పని కాస్త చెప్పాలి. జీతం కోసం ఆసుపత్రుల రికార్డులు సరిచూస్తాను. జీతం లేకుండా, ఇష్టం కొద్దీ, రోగాల ఆంటాలజీ ఒకదానికి సంపాదకురాలిగా ఉన్నాను. పేరు పెద్దది గాని విషయం చిన్నదే. లోకంలోని రోగాల పేర్లన్నీ తల్లీపిల్లల వరుసలో పేర్చిన జాబితా అది. ప్రతి పేరుకూ ఒక నంబరు ఉంటుంది, ఒక నిర్వచనం ఉంటుంది, అది ఏ పెద్ద పేరు కిందికి వస్తుందో ఉంటుంది, ఆ నిర్వచనానికి ఆధారం ఏమిటో ఉంటుంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఎవరైనా కొత్త పేరు చేర్చమని అడగొచ్చు. దవాఖానల కంప్యూటర్లు ఆ జాబితా తెచ్చుకుని డాక్టరు ముందు పెడతాయి, డాక్టరు అందులోంచి ఒకటి ఎంచుకుంటాడు. అందులో లేని రోగం ఆ కంప్యూటర్‌కు లేనట్టే. వచ్చిన అర్జీలను చూసి ఒప్పుకునేదీ తిప్పికొట్టేదీ మాలాంటి కొద్దిమందే. అంతా ఉచితసేవ. ఉచితసేవ చేసేవాళ్లకు ఉండే గర్వం జీతగాళ్లకు కూడా ఉండదు.

రెండేళ్ల కిందట ఒకరోజు ఒక అర్జీ వచ్చింది. అన్నీ పెద్ద అక్షరాలు, వార్డులో డ్యూటీ మారేటప్పుడు నర్సులు రాసే పొడిపొడి ఇంగ్లిషు. పత్తికి పురుగుమందు కొట్టేటప్పుడు చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లోకి పోయే విషానికి వేరే పేరు కావాలని. నేను జాబితాలో వెతికాను. "పురుగుమందు విషం" అని ఒకటి ఉంది. ఇంకేం, ఉన్నదాన్నే మళ్లీ అడుగుతున్నారనుకున్నాను. "ఇది ఇప్పటికే ఉంది. నకలు" అని రాసి మూసేశాను. అర్జీ వచ్చిన నాలుగు నిమిషాలకు. ఆ వేగానికి నా మీద నాకు ముచ్చటేసింది కూడా.

మర్నాడు ఆమె కింద ఒక ప్రశ్న రాసింది, ఈసారి తెలుగులో. "మీరు ఎన్నడన్న పత్తిచేన్ల నిలవడ్డరా?" జవాబుగా మా నియమాల పేజీ పంపాను. అప్పుడు, "మీరు కరీంనగర్ అని రాసి ఉంది. ఇల్లు యాడ?" అని అడిగింది. ఏం చేస్తుందిలే అని వీధి పేరు రాసిచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా నిలబడి ఉంది. బోథ్ నుంచి వచ్చి నిర్మల్‌లో బస్సు మారి, మెట్‌పల్లి దగ్గర బస్సు చెడిపోతే ఇంకోటి ఎక్కి వచ్చింది. లేత నీలం చీర, రొమ్ము మీద పిన్నుకు తలకిందులుగా వేలాడే నర్సు గడియారం. రిటైరైనా అది తీయలేదు. చేతిలో మూడు కవర్లలో చుట్టిన మూట.

"నాలుగు నిమిషాలల్ల నా అర్జీ మూసింది నువ్వేనా బిడ్డా?"

నేనేనన్నాను. లోపలికి రమ్మన్నాను. మంచినీళ్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్లు మల్ల తాగుత. ముందుగాల గిది వాసన చూడు."

మూట విప్పితే లోపల ఒక అంగి. గోధుమరంగు గళ్లది, మెడపట్టీ చిరిగింది. వీపు దగ్గర, కుడి భుజం దగ్గర రంగు వెలిసి తెల్లబారింది. మందు పంపు వీపున వేసుకుంటే కారేది అక్కడేనని అప్పుడు నాకు తెలియదు.

"సబ్బువెట్టి మూడుసార్లు పిండిన. చూడు, పోయిందా?"

పోలేదు. ఆ వాసన ముక్కులోంచి నుదుటి వెనక్కి ఎక్కింది. వెల్లుల్లి కుళ్లినట్టు, పైన ఏదో తియ్యగా. దాన్ని దూరం పెట్టి దగ్గుతుంటే ఆమె కదలకుండా నన్నే చూస్తోంది. నా ముఖాన్ని కూడా కాదు, మోచేతి లోపలి నరాన్ని. అది ఆమె అలవాటు. ఎవరితో మాట్లాడినా చూపు వాళ్ల మోచేతి మడతలో ఉండేది, రెండు వేళ్లతో అక్కడ తట్టి చూసేది. "నీ నరం దొరకది బిడ్డా, నీకు సూదియ్యాల్నంటే ఏడిపిస్తవ్" అన్నది ఆ రోజు. తర్వాత నేను ఏదైనా విషయం దాటవేయబోతే, "నరం దొరకనిస్తలేవు" అనేది.

"డాక్టర్లు ఏం జేస్తరు? మందు కేసనంగనే నోరు తెరిచి వాసన చూస్తరు. నోరు కాదు బిడ్డా, అంగి వాసన చూడాలె. తాగినోని నోరు వాసనొస్తది. సోకినోని అంగి వాసనొస్తది. నోరు ఒక్కతీరు, వీపు ఒక్కతీరు. రెంటికి ఒక్కటే పేరు పెడితే ఎట్ల?"

అప్పుడు మేము ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని, ఉందని నేను చెప్పిన ఆ పేరు తెరిచాం. నిర్వచనం రెండు వాక్యాలు. మొదటిది, పురుగుమందు వల్ల ఒంటికి చేటు చేసే విషం. రెండోది, నోటి ద్వారా మింగడం వల్ల కలిగేది. నేను మొదటి వాక్యంతోనే ఆగి నకలు అని కొట్టేశాను. ఆమె వేలు రెండో వాక్యం కింద పెట్టి, నన్నే పైకి చదవమన్నది. తిట్టినా బాగుండేది.

అర్జీ మళ్లీ తెరిచాను. అప్పుడు నీళ్లు తాగింది.

ఆ అంగి ఎవరిదో బోథ్ వెళ్లినప్పుడు తెలిసింది. పోసవ్వ అనే ఆమె భర్తది. అతనికి సొంత చేను లేదు, రోజు కూలికి పక్కవాళ్ల చేన్లలో మందు కొట్టేవాడు. సిస్టరమ్మ ఉద్యోగంలో ఉన్న చివరి ఏడాది, గాలి ఎదురుగా వీచే ఒక రోజు, కారే పంపు వీపున వేసుకుని పొద్దంతా కొట్టి, గట్టు మీద కూలబడ్డాడు. ఆటోలో దవాఖానకు తెచ్చారు. గేటు దగ్గర పోసవ్వ గుండెలు బాదుకుంటూ, "మందు తాగిండు సారూ, మందు తాగిండు" అని అరిచింది.

నిజానికి అతను తాగలేదు. మరి భార్యే ఎందుకలా చెప్పింది?

సిస్టరమ్మ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి ఆ ప్రశ్న అడిగించింది. పోసవ్వ వాకిట్లో పత్తికాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏం జెయ్యాలె మేడం? మందు కొట్టంగ కండ్లు తిరిగినయని తీస్కపోతే, ఎండ తగిలింది, నిమ్మకాయ నీళ్లు తాగిపియ్యుండ్రని తోలేస్తరు. మా మరిదికి గట్లనే జేసిండ్రు. తాగిండంటే ఉరికొస్తరు. గా సంగతి మా ఊళ్లె అందరికెరుకే. గందుకే తాగిండన్న. ఉరికొచ్చిండ్రు. గని బతకలే."

బతికించడానికి చెప్పిన అబద్ధం కాగితం మీద నిజమై కూర్చుంది. చావు కాగితంలో "పురుగుమందు తాగి" అని పడింది. ఆ రోజు పొద్దున సద్ది కట్టే దగ్గర మొగుడూ పెళ్లాలు కొట్లాడుకున్నారు. గాలి బాగా ఉంది పోవద్దంటే అతను వినలేదు. విసిగిపోయి ఈమె, "పో, సావుపో" అన్నది. కోపం వస్తే మన ఇళ్లలో రోజుకు పదిసార్లు అనే మాట. వాళ్లకు ఒక్కతే కూతురు. గడపలో నిలబడి ఆ మాట విన్నది. సాయంత్రానికి కాగితం చూసింది. రెండూ కలిపి లెక్క కట్టుకుంది. నిర్మల్‌లో హాస్టల్‌లో చేరి, తర్వాత ఒక్క సెలవుకూ ఇంటికి రాలేదు. తల్లి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సిస్టరమ్మ ఆ పిల్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. "నీ బాపు తాగలే బిడ్డా, నేను ఆడనే ఉన్న, అంగి నేనే ఇప్పిన" అని చెప్పింది. ఆ పిల్ల అన్నదట, "మీరు మా అవ్వ దిక్కు మాట్లాడుతున్నరు సిస్టరమ్మా. కాగితంల ఏమున్నది?"

కాగితం మార్చమని సిస్టరమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. లిస్టు తెరిచి చూపించాడు. పురుగుమందు అని కొడితే వచ్చేది ఒక్కటే పేరు. "నేనేం జెయ్యాలె సిస్టర్? ఇందుల లేకపోతే కంప్యూటర్ తీసుకోదు. ఉంటే ఇప్పుడే మారుస్త" అన్నాడు. ఈ లిస్టు ఎవరు చేస్తారని ఆమె అడిగింది. ఎవరైనా చేయొచ్చట, అందరిదట అని కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి చెప్పింది. "ఎవలన్న అంటే నేను సుత కద" అన్నది సిస్టరమ్మ. అలా వచ్చింది ఆమె మా దగ్గరికి. అరవై దాటిన మనిషి, ఫోన్‌లో ఒక్క వేలితో అర్జీ టైపు చేసుకుని, ఒక తల్లికి కూతుర్ని తిరిగి ఇప్పించడానికి వచ్చింది. ఆ అర్జీని నేను టీ చల్లారేలోపు మూశాను.

ఇంతవరకు కోపం నా మీద. ఇకమీదిది అందరి మీద.

మాకు పదిహేను రోజులకోసారి ఆన్‌లైన్‌లో సమావేశం జరుగుతుంది. సిస్టరమ్మ ఒక్కటీ తప్పలేదు. వాళ్లింట్లో సిగ్నల్ రాదు, చర్చి ప్రహరీ మీద కూర్చుని మాట్లాడేది. వెనక కోళ్లు, పిల్లల అరుపులు. మాట్లాడే ముందు రొమ్ము మీది గడియారం ఎత్తి చూసేది, ఎదుటివాళ్లు ఎంతసేపు మాట్లాడుతున్నారో నాడి చూసినట్టు చూసేది. విదేశీ సంపాదకుడు ఒకాయన ఆమె చెప్పింది చాలా విలువైన అనుభవం అని మెచ్చుకున్నాడు. తర్వాత నాకు ఫోన్ చేసింది.

"విలువైంది అన్నడు కద. మరి పెట్టిండా?"

"లేదు సిస్టరమ్మా. ఆధారం కావాలంటున్నారు. ఏదైనా పత్రికలో అచ్చయిన వ్యాసం."

"ఆధారం నీ ఇంట్లనే ఉంచొచ్చిన కద."

నిజమే. అంగిని నా దగ్గరే వదిలివెళ్లింది. ఆధారం అడుగుతున్నారు కాబట్టి సంపాదకురాలి దగ్గరే ఉండాలట. మా బాల్కనీలో, మూడు కవర్లలో, రెండేళ్లు ఉంది.

వ్యాసాలు లేకపోలేదు. నేను వెతికి రెండు ఇచ్చాను. అవి వేరే మందు గురించి అన్నాడు మాలో ఇంకో సంపాదకుడు, బెంగళూరాయన. ఇంకోసారి కొత్త పేరును జాబితాలో తల్లి పేరు కింద పెట్టాలా, పక్కన పెట్టాలా అని ఒక సమావేశమంతా గడిపారు. ఇంకోసారి, తోడు వచ్చినవాళ్లే తాగాడని చెప్పినప్పుడు తాగలేదని ఎలా అంటామన్నారు. సిస్టరమ్మ తన వార్డు ఇంగ్లిషులో పోసవ్వ సంగతంతా చెప్పింది. గేటు దగ్గర ఎందుకు అబద్ధం చెప్తారో, పిచికారీ సీజన్లో ఎవరు ఏం చెప్పినా మొదట వీపు తడిమి చూడాలని ఎందుకంటుందో చెప్పింది. అందరూ విన్నారు. చివర్లో ఆ అర్జీకి "చర్చ అవసరం" అని ఒక రంగు చీటీ తగిలించారు. ఆకుపచ్చది. ఆ చీటీ తగిలించిన మనిషిని నేనే. సమావేశం రాతపని ఆ వారం నా వంతు.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా బూటకం. మా నియమాల్లో ఒకటుంది: అచ్చయిన ఆధారం దొరకనప్పుడు, సంపాదకులు తమ సొంత గుర్తింపునే ఆధారంగా పెట్టవచ్చు. అంటే, ఈ మాటకు నేను పూచీ అని. రెండో సంపాదకుడు ఒకరు ఒప్పుకుంటే పేరు చేరుతుంది. ఆ నియమం నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. పెట్టలేదు. రేపు ఎవరైనా తప్పంటే నా పేరు పోతుందని భయం. ఉద్యోగంలో ఆ పేరుతోనే నన్ను మెచ్చుకుంటారు మరి. సిస్టరమ్మకు ఆ నియమం గురించి చెప్పలేదు. ఆమె అడగలేదు గాని, ఒకసారి మా ఇంట్లో అన్నం తింటూ నా మోచేయి తట్టి, "ఏదో దాస్తున్నవ్ బిడ్డా, నరం దొరుకుతలేదు" అన్నది. పచ్చడి కారంగా ఉందా అని మాట మార్చాను.

ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు. పత్తికి మందు కొట్టే రోజుల్లో పొద్దున్నే చేన్ల దారిలో నిలబడేది. పంపు వేసుకుని పోయే ప్రతి కూలీ వీపు చేత్తో తడిమేది. తడిగా ఉంటే పంపు దింపించేది. "బాయి కాడికి పోయి ఒళ్లు కడుక్కో. సబ్బుతోని. మీ ఆసామికి నేను చెప్త" అనేది. ఆసాములు ఆమెను చూస్తే దారి మార్చేవారు. ఒకాయన, "రిటైరైనంక నీకెందుకమ్మా గీ పరేషాని?" అంటే, "నువ్వెందుకు రిటైర్ అయితలేవు మరి?" అని అడిగింది. భోజనాల దగ్గర ఈ సంగతులు చెప్పేటప్పుడు నవ్వేది కాదు. నాకు నవ్వు వస్తే ఆగి చూసేది.

చివరి ఫోన్ వేసవిలో వచ్చింది. "మల్ల పత్తి పెట్టే రోజులు దగ్గరికొచ్చినయి. మీ చీటీ ఇంక ఆకుపచ్చగనే ఉన్నదా?" అన్నది. ఉందన్నాను. "అయితది తియ్" అన్నది. "అయితది" ఆమె మాట. ప్రాణం పోతున్న మనిషి మంచం పక్కన కూడా అదే అనేదట. పదిరోజులకు గుండె ఆగి పోయింది. పోసవ్వ ఫోన్ చేసి చెప్పింది.

ఇక ఆ యంత్రం ఉత్తరం దగ్గరికి వస్తాను. పిడి ఊడిన కప్పు పక్కన పెట్టి, కింద "ఉన్న" అని రాశాను. నా పేరుతో. తర్వాత కొత్త పేరు, నిర్వచనం, జాబితాలో దాని తల్లి పేరు, అన్నీ సిస్టరమ్మ రాసినవి రాసినట్టే ఎక్కించాను. ఉన్న పాత పేరు తాగినదానికే అని స్పష్టం చేశాను. ఆధారం దగ్గర నా గుర్తింపు పెట్టాను. బెంగళూరాయనకు ఫోన్ చేసి, "ఒప్పుకోండి. లేదా ఎందుకు ఒప్పుకోరో మీ పేరుతో ఆ పేజీలో రాయండి" అన్నాను. గొంతు లేచింది, దించుకోలేదు. ఆయన, "నాకెప్పుడూ అభ్యంతరం లేదండీ, మీరే పెట్టలేదు" అన్నాడు. ఒప్పుకున్నాడు. నంబరు వచ్చింది.

మొత్తం ముప్పావు గంట. గోటితో పోయేదాన్ని రెండేళ్లు, ఒక మనిషి ఆయుష్షు మీంచి లాగాం. ఆ ముప్పావు గంట నేను ఎప్పుడైనా ఇచ్చి ఉండొచ్చు. ఆమె నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్న రోజైనా.

కొత్త జాబితా దవాఖాన కంప్యూటర్లోకి వచ్చేసరికి పత్తికి రెండో మందు కొడుతున్నారు. నేను బోథ్ వెళ్లి పోసవ్వను వెంటబెట్టుకుని డాక్టరు ముందు కూర్చున్నాను. అన్న మాట ప్రకారం ఆయన లిస్టు తెరిచాడు. పురుగుమందు అని కొడితే ఇప్పుడు రెండు పేర్లు వచ్చాయి. రెండోది ఎంచి, వివరం రాసి, కాగితం తీసి, సంతకం పెట్టి ముద్ర వేశాడు.

"సిస్టరుంటే మస్తు సంతోషపడుతుండె" అన్నాడు.

"తిట్టేది" అన్నాను. "ఇద్దర్నీ."

పోసవ్వకు చదువు రాదు. కాగితం తిప్పి తిప్పి చూసి, "గిండ్ల ఏమున్నది మేడం?" అని మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి, "గీ ముచ్చట మా బిడ్డకు నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మది" అన్నది. ఆ మధ్యాహ్నమే నిర్మల్ బస్సెక్కాం.

హాస్టల్ గేటు దగ్గరికి ఆ పిల్ల వచ్చింది. బక్కగా, పొడుగ్గా ఉంది. తల్లి వైపు చూడకుండా నా చేతిలోంచి కాగితం తీసుకుంది. నిలబడే చదివింది. మళ్లీ చదివింది. బాపు పేరు, ఊరు వేలితో తడిమి చూసింది. కింద కొత్త పేరు దగ్గర వేలు ఆగింది: పురుగుమందు విషం, పిచికారీ చేస్తుండగా ఒంటికి సోకినది.

"గీ పేరు ముందుగాల లేకుండెనా?" అని అడిగింది.

"లేదు."

"ఎందుకు లేకుండె?"

దాటవేయడానికి చాలా దారులున్నాయి. సమావేశాలు, నియమాలు, ఆధారాలు. మోచేతి మడతలో ఎవరో తట్టినట్టనిపించింది.

"సిస్టరమ్మ అడిగింది. నేను మూసేశాను" అన్నాను.

"ఎందుకు మూసిండ్రు?"

"రెండో వాక్యం చదవలేదు."

ఆ పిల్ల నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు, గడియారం చూసే మనిషి లేదు. కాగితం మడిచి చేతిలో పట్టుకుని, తల్లి వైపు తిరిగింది.

"అవ్వా, తిన్నవా?" అన్నది.